రోత్‌షీల్డియా శలభం: బొమ్మతో పాటు బతుకూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో దక్షిణ అమెరికా పట్టు శలభం రోత్‌షీల్డియా అరోటా ఫొటో వేసి, దాని రెక్కలు చిరిగిపోయాయని, దాని ఆయువు కొద్ది రోజులేనని రాశారు. ఫొటో ఎంతో బాగుంది కానీ రాసిన రెండు మాటలూ సరైనవి కావు. పిల్లలు చదివి గుర్తుపెట్టుకునే పేజీ కనుక సవరణ ప్రచురించాలని కోరుతున్నాను.

ఎరుపు కలిసిన గోధుమవన్నె రెక్కల మీద, ఒక్కో రెక్కకు ఒకటి చొప్పున, నాలుగు ముక్కోణపు మచ్చలుంటాయి. రంగునిచ్చే పొలుసులు అక్కడ దాదాపు లేకపోవడం వల్ల పలుచని పొర ఒక్కటే మిగిలి, వెనకనున్న ఆకు దాని గుండా కనిపిస్తుంది. చిరుగులని మీరు అనుకున్నవి ఇవే. మన దసలి (టసర్) పట్టు శలభానికీ ఇలాంటి పారదర్శకమైన మచ్చలుంటాయి, కాకపోతే గుండ్రంగా ఉంటాయి. రెండూ సాటర్నిడే కుటుంబానివే. చెన్నూరు, మహదేవపూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పురుగులు పెంచే రైతుకు ఆ ఫొటో చూపిస్తే ఈ చుట్టరికాన్ని ఇట్టే పోల్చుకుంటాడు.

ఇక ఆయువు సంగతి. బ్రెజిల్, అర్జెంటీనా వంటి దేశాల్లో కనిపించే ఈ జాతిని 1775లో డచ్ పండితుడు పీటర్ క్రామర్ వర్ణించాడు. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆకులు తింటూ, కుబుసం విడుస్తూ వారాల తరబడి పెరుగుతుంది. రెక్కలొచ్చాక తినడానికి పనికొచ్చే నోరు ఉండదు కనుక, జన్మకు సరిపడా తిండి పురుగుగా ఉన్నప్పుడే తినాలి. ఎదిగిన పురుగు పట్టు కాడతో కొమ్మకు వేలాడే గూడు అల్లుకుని లోపల ప్యూపాగా, అంటే తినకుండా రూపం మార్చుకునే దశలోకి, మారుతుంది. కాలం అనుకూలించకపోతే, దసలి కాయ (పట్టుగూడు) లోని ప్యూపా వానల కోసం ఆగినట్టే, అదీ నెలల తరబడి ఆగుతుంది. బయటికొచ్చినప్పుడు రెక్కలు ముడతలు పడి చిన్నవిగా ఉంటాయి. శలభం కొమ్మ పట్టుకుని వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి పంపుతుంటే అవి మెల్లగా విచ్చుకుంటాయి. రాత్రివేళ ఆడది వెదజల్లే వాసనను పాయలు పాయలుగా చీలిన మీసాలతో పసిగట్టి మగది వెతుక్కుంటూ వస్తుంది. జత కట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చనిపోతాయి. మీరు రాసిన ఆయువు ఈ చివరి దశ ఒక్కదానిదే.

పట్టు శలభం అనగానే దీని గూటి నుంచే బ్రెజిల్‌లో పట్టు తీస్తారని పిల్లలు అనుకోవచ్చు. అక్కడ పరానా రాష్ట్రంలో పండించేది మల్బరీ ఆకులు తినే వేరే పురుగు ఇచ్చే మల్బరీ పట్టే.

వచ్చే ఆదివారం గుడ్డు, పురుగు, గూడు బొమ్మలతో ఈ వివరాలు వేసి, పక్కనే దసలి శలభం ఫొటో కూడా ఇవ్వగలరని మనవి.

భవదీయుడు,
పట్టు పరిశ్రమ శాఖ విశ్రాంత ఉద్యోగి,
మంచిర్యాల జిల్లా