డాల్డా డబ్బా, నేనూ

ఒసే సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు పర్లేదు, పిల్లాడికి ముందు పళ్లు ఊడాయి, ఇల్లింకా మారలేదు. అసలు సంగతి విను.

రెడ్డిరాజుల పన్నులకి దణ్ణం పెట్టేశాను. నా పీహెచ్‌డీ ఇప్పుడు డాల్డా మీద! నవ్వకు. నువ్వు మూడో పూరీ సంగతి ఎత్తుతావని నాకు తెలుసు.

అంతా సూసన్ స్ట్రాసర్ పుణ్యం. అమెరికాలో డెలవేర్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్‌గా చేసిందావిడ. 1982లో ఇంటిచాకిరీ చరిత్ర రాసింది. 1989లో జనం బ్రాండు సరుకులకి ఎలా అలవాటుపడ్డారో రాసింది. 1999లో ఏం రాసిందో చెప్పు? చెత్త చరిత్ర! వంటింట్లో మొదలెట్టి, కొట్టు మీదుగా చెత్తకుండీ దాకా వెళ్లిందే మహాతల్లి. మన గైడుగారు చూస్తే... సర్లే, వద్దు.

1911లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు పత్తిగింజల నూనెని గడ్డకట్టించి క్రిస్కో అని అమ్మకానికి పెట్టారు. అది కావాలని ఎవరూ అడగలేదు. వెన్నా పందికొవ్వూ వాడే ఆడవాళ్ల చేత అవి మాన్పించాలి కదా, 615 వంటకాలతో పుస్తకమే అచ్చేశారు! అది చదువుతుంటే మా నాయనమ్మ అటక మీది పసుపు డబ్బా కళ్లముందు కొచ్చింది. 1937లో వచ్చిన డాల్డా కూడా గడ్డకట్టించిన నూనే కదా, దానికీ ఇదే తంటా. దాని ఎదురుగా ఉన్నది నెయ్యి మరి.

మొన్న సెమినార్లో ఇదే చదివాను. ముందు వరసలో ఓ పెద్దాయన, "డాల్డాకి పీహెచ్‌డీ ఇస్తే రేపు అగ్గిపెట్టెకీ ఇవ్వాలి" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. చేతిలో కాగితాలు వణికాయే. ఏడుపొక్కటే తక్కువ.

టీ దగ్గర ఆయనే నా పక్కకొచ్చారు. గొంతు బాగా తగ్గించి, "మా అక్క పెళ్లిలో లడ్డూలు డాల్డావని మగపెళ్లివారు పంక్తిలోంచి లేచిపోయారమ్మా. మా నాన్న ఆ రాత్రి నేతికోసం సైకిల్ మీద మూడూళ్లు తిరిగాడు. అత్తారింట్లో చాలా ఏళ్లు దాన్ని డాల్డా కోడలనే పిలిచేవారు" అన్నారు. ఆయన చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది. రాసుకోనా అని అడగబోయాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, అడగబుద్ధి కాలేదు. ఫోన్ నంబరన్నా తీసుకోలేదు, మొద్దుని. తప్పు చేశానంటావా? ఆ అక్కగారు ఇప్పుడు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో...

నువ్వో పని చెయ్యి. డబ్బా ఖాళీ అయ్యాక ఏం చేసేవారో మీ అమ్మమ్మని అడుగు. మా ఇంట్లో తులసి మొక్క నాటారు. మనుషులు ఎప్పటినుంచి పారెయ్యడం నేర్చుకున్నారన్నదే స్ట్రాసర్ పట్టుకున్న ప్రశ్న, దాన్నిబట్టి చూస్తే మా నాయనమ్మ

ఆటో వచ్చేసింది, హారన్ ఆపట్లేదు. మిగతాది ఆదివారం రాస్తా, ఒట్టు.

నీ
మూడో పూరీ