మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2020-21: బడి లేని ఏడాదిలో చిన్నపిల్లల చదువు

సభ్యులందరికీ నమస్కారం.

మన సర్వసభ్య సమావేశం ఏటా ఏప్రిల్‌లో జరగాలి. కరోనా సెకండ్ వేవ్, దాని వెంట వచ్చిన లాక్‌డౌన్ వల్ల జులైకి వాయిదా పడింది. నివేదిక ఎప్పుడూ నీళ్ల పైపులైనుతో మొదలై సీసీ కెమెరాలతో ముగుస్తుంది. ఈసారి వాటిని చివరికి నెట్టాను. ఎందుకంటే ఈ ఏడాది సంఘం నిజంగా చేసిన పని ఒక్కటే: ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న మన పిల్లలకు ఇంటి దగ్గరే ఏదో ఒక చదువు అందేలా చూడడం. అందులో సగం పని తప్పుగా చేశాం. అది కూడా రాస్తున్నాను.

మొదలైన తీరు

2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డాయి. నెలాఖరు దాకే అన్నారు కాబట్టి ఎండాకాలం సెలవులు కాస్త ముందొచ్చాయనుకున్నాం. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మే మొదట్లో హైదరాబాద్‌లోని మన వనస్థలిపురంలో కొన్ని కాలనీలను కంటైన్‌మెంట్ జోన్లు చేసి బారికేడ్లు పెట్టారు. అప్పుడు మనకు పాలు, కూరగాయలు ఎలా వస్తాయన్న టెన్షనే తప్ప పిల్లల చదువు ఎవరికీ గుర్తు రాలేదు. పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపేస్తున్నారంటే సంతోషించాం కూడా.

అసలు సంగతి సెప్టెంబరులో తెలిసింది. ఆ నెల 1న ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఏమీ లేదు. బి బ్లాక్ వాచ్‌మన్ భార్య ఆఫీసు గదికి వచ్చి, "మా పెద్దోడికి టీవీల సార్లు చెప్తున్నరు, చిన్నదానికి ఎవరు చెప్తరు సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల ఒకటో తరగతిలో చేరాల్సిన ఏడాది అది. బడి గడప కూడా చూడలేదు.

ప్రైవేటు బడుల పిల్లల గోల వేరు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు ఆన్‌లైన్ పాఠాలు రోజుకు రెండు విడతలు మించకూడదని, ఒక్కో విడత 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని కేంద్రం జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన కాలనీ పిల్లలు వెళ్లే ఒక బడి మాత్రం ఆరేళ్ల పిల్లల్ని పొద్దున్నే యూనిఫాం వేయించి మూడు గంటలు ఫోను ముందు కూర్చోబెట్టింది. పిల్లాడు స్క్రీన్ మీద, తల్లి టేబుల్ కింద. "ఎస్ మిస్ అనరా" అని కింద నుంచి అందించేది ఆవిడే.

ఇంటింటికీ ఫోన్ చేసి లెక్క తీశాం. అయిదో తరగతి లోపు పిల్లలు 41 మంది. వాళ్లలో ఒకటి, రెండు తరగతుల వాళ్లే 27. ఈ 27 మందిలో ఎనిమిది మంది వాచ్‌మన్ల పిల్లలు, మన ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు. ఆ ఎనిమిది మంది ఇళ్లలో ఫోను ఉంది గానీ, అది పొద్దున తండ్రితో పాటు బయటికి వెళ్లి రాత్రికి ఇంటికొచ్చే ఫోను.

వాట్సాప్ గ్రూపు ముచ్చట

నిజానికి మేం అంతకు ముందే ఒక ప్రయత్నం చేసి చేతులు కాల్చుకున్నాం. జూన్‌లో పిల్లల పేరున వాట్సాప్ గ్రూపు పెట్టాం. రోజుకో వర్క్‌షీట్, వారానికో పోటీ. నెల తిరిగేసరికి గ్రూపులో పీడీఎఫ్‌లు కుప్పపడ్డాయి. ఎవరు తెరిచారో, ఎవరు తెరవలేదో దేవుడికెరుక. చేతిరాత పోటీలో మొదటి బహుమతి వచ్చిన కాగితం చూసి మన రిటైర్డ్ టీచరమ్మగారు నవ్వి, "ఈ రాత పిల్లాడిది కాదండీ, బ్యాంకు ఉద్యోగిది" అన్నారు. వాళ్ల నాన్నగారు బ్యాంకులోనే చేస్తారు. ఆగస్టులో గ్రూపు మూసేశాం. నాలుగైదు ఇళ్ల వాళ్లు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

టీచరమ్మగారు చెప్పింది ఇది. ఒకటో తరగతి పిల్లకు కావాల్సింది కాగితం కాదు, పక్కన కూర్చునే మనిషి. 'క' రాసేటప్పుడు తలకట్టు ముందా, కింది సున్నా ముందా అని చెయ్యి చూసి చెప్పాలి. పెన్సిల్ పిడికిలితో పట్టుకుంటే వేళ్లు సర్దాలి. ఫోను ఈ పని చేయలేదు. రోజుకు అరగంట కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే చాలు. ఆ మనిషికి ఇంగ్లీషు రాకపోయినా, అసలు చదువే రాకపోయినా పర్లేదు.

ఈ చివరి మాట అప్పుడు నేను నమ్మలేదు.

వంటింట్లో, వసారాలో

అక్టోబరు నుంచి పద్ధతి మార్చాం. ప్రతి ఆదివారం ఒక చిన్న జిరాక్స్ కాగితం ఇంటి తలుపుకు అంటించేవాళ్లం. దాని మీద ఆ వారం చేయాల్సిన పనులు మూడే. మూడూ ఇంట్లో ఉన్న వస్తువులతోనే. చదవడం రాని తల్లిదండ్రులకు డిగ్రీ చదివే మన పిల్లలు ఫోన్ చేసి చెప్పేవాళ్లు. ఎన్‌సీఈఆర్‌టీ ఏప్రిల్‌లోనే ప్రాథమిక తరగతులకు ప్రత్యామ్నాయ క్యాలెండర్ విడుదల చేసింది. ఇంటర్నెట్ లేని ఇళ్లకు ఫోన్ చేసి చెప్పమన్నది అందులోని ఆలోచనే. మేం దాన్ని మన కాలనీకి సరిపోయేలా దించుకున్నాం.

బాగా పండింది కొలతల వారం. సోలతో, గిద్దెతో బియ్యం కొలిచి, ఎన్ని గిద్దెలకు సోల, ఎన్ని సోలలకు తవ్వ అవుతుందో పిల్లలే కనుక్కోవాలి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ అని తేలింది. అక్కడితో ఆగితే బాగుండేది. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారి మానిక (తవ్వకన్నా పెద్ద కొలపాత్ర), నల్గొండ నాయనమ్మ మానిక పక్కపక్కన పెడితే రెండూ ఒకటి కాదు. ఎవరిది అసలు మానిక అని పెద్దవాళ్లు మెట్ల మీద వాదించుకుంటుంటే, రెండో తరగతి పిల్ల ఒకతి లీటరు వాటర్ బాటిల్ తెచ్చి రెండింట్లోకీ నీళ్లు పోసి, "ఇందులో ఎక్కువ పడుతున్నయి" అని తేల్చేసింది. కొలతకు అందరూ ఒప్పుకున్న కొలపాత్ర ఎందుకు కావాలో ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పదు.

ఆటల్లో అష్టాచెమ్మా బాగా పనికొచ్చింది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్ట అంటే ఎనిమిది. గళ్లు లెక్కపెట్టి కాయ జరపడంలోనే కూడిక వచ్చేస్తుంది. వామనగుంటలకు 14 గుంటలు, మనవాళ్లు గుంటకు 5 చొప్పున చింతగింజలు వేశారు. "మొత్తం ఎన్ని?" అని అడిగితే మొదట్లో ఒక్కొక్కటే లెక్కపెట్టేవాళ్లు. మూడో వారానికి "ఐదు, పది, పదిహేను" అంటూ డెబ్భై దాకా పోయారు. ఐదో ఎక్కం ఎవరూ నేర్పలేదు. ఆడించింది ఎక్కువగా బామ్మలు, తాతలు. వాచ్‌మన్ గారి అత్త బడి ముఖం చూడలేదు. వామనగుంటల్లో ఆవిణ్ని ఓడించిన పిల్ల మన కాలనీలో ఇంకా పుట్టలేదు. చదువు రాకపోయినా పర్లేదన్న టీచరమ్మగారి మాట నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

తెలుగు చదవడానికి పాలప్యాకెట్లు, కరెంటు బిల్లు, పాత దినపత్రికలు వాడాం. వారానికో అక్షరం. ఆ అక్షరం పేపర్లో ఎక్కడున్నా సున్నా చుట్టాలి. 2018-19 నుంచి రాష్ట్రంలో అన్ని రకాల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి చేస్తూ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టారు కాబట్టి, సీబీఎస్‌ఈ పిల్లలకూ ఇది తప్పదు. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లాడు ఒకడు పొద్దున వాళ్ల నాన్నతో మన దగ్గరి పనామా చౌరస్తా వైపు నడకకు వెళ్లి షాపుల బోర్డులు చదివేవాడు. దుకాణాలు తెరవకముందు షట్టర్ల మీది రాతలు ఇంకా బాగా కనిపించేవట. ఒత్తులు వాడికి అక్కడే పట్టుబడ్డాయి. ముందు 'మిర్చి', తర్వాత 'చెప్పులు'.

ధనుర్మాసంలో ముగ్గులు. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చే దాకా అంటే మొత్తం చుక్కలెన్ని? పెట్టకముందే చెప్పాలి. 37. మూడు, నాలుగు తరగతుల పిల్లలు కాగితం మీద లెక్కేశారు. చిన్నవాళ్లు పెట్టి లెక్కించారు. ముగ్గులు మగపిల్లలతో వేయించడమేంటని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. వాళ్ల మనవడే అందరికన్నా ముందు 37 అన్నాడు. అభ్యంతరం వెనక్కి పోయింది.

పోస్టుకార్డుల సంగతి చెప్పకుండా ఉండలేను. కార్డు ధర ఇంకా 50 పైసలే. పిల్లలు ఊళ్లో ఉన్న తాతకో మేనత్తకో రెండు వాక్యాలు రాయాలి, చిరునామా పిన్‌కోడుతో సహా తామే రాయాలి. చాలా కార్డులకు జవాబు రాలేదు. వచ్చిన వాటిలో ఒకటి సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి. ఆ తాత నలభై ఏళ్ల తర్వాత ఉత్తరం రాశానని రాశారు. మనవరాలు ఆ కార్డును రెండు రోజులు కూడబలుక్కుని చదివింది.

వాన, డాబా

అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఎవరూ మరిచిపోలేదు. నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. మనకు సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు చేరాయి. సభ్యులు ఇచ్చిన పిల్లల బొమ్మల పుస్తకాల పెట్టెను అక్కడ నేల మీద పెట్టింది నేనే. బల్ల మీద పెట్టమని కోశాధికారి గారు చెప్పారు, నేను వినలేదు. పుస్తకాలన్నీ ఉబ్బి అట్టలు ఊడిపోయాయి. కొత్తవి కొన్నాం. ఆ ఖర్చు లెక్కల్లో ఉంది.

నవంబరు నుంచి సాయంత్రాలు డాబా మీద అయిదుగురు చొప్పున పిల్లల్ని కూర్చోబెట్టాం. మాస్కులు, మధ్యలో దూరం, పలకా బలపం ఎవరివి వారివే. పనివాళ్ల పిల్లలతో మన పిల్లల్ని కలపడమేంటని కరోనా పేరు చెప్పి ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. ఆ పనివాళ్లు రోజూ వాళ్ల వంటింట్లోకే వస్తున్నారని నేను గుర్తు చేయాల్సి వచ్చింది. కమిటీ ఓటుకు పెట్టింది. కలిపే కూర్చోబెట్టాం. సంఘం పని చెత్త, లైట్లు, నీళ్లు చూసుకోవడమే గానీ చదువు కాదన్న మాట కూడా వచ్చింది. అది న్యాయమైన మాటే. బడి చేసే పని మేం చేయలేదు, చేయలేం కూడా. మూడో తరగతి పిల్లల్లో కొందరు రెండంకెల తీసివేతలు పూర్తిగా మరిచిపోయారు. దాన్ని మేం సరిచేయలేకపోయాం.

మధ్యలో పెద్ద తరగతులకు తెరిచిన బడులు 2021 మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. డాబా తరగతులూ ఆపేశాం. ఏప్రిల్, మే నెలల్లో ఏ కార్యక్రమమూ జరగలేదు. ఎందుకో అందరికీ తెలుసు. మన మధ్య లేని వారి కోసం సమావేశం మొదట్లో రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం.

జమాఖర్చులు

పిల్లల కార్యక్రమానికి సభ్యులు ఇచ్చిన చందాలు రూ.18,400. జిరాక్సు, కాగితాలకు రూ.6,150, పలకలు, బలపాలకు రూ.2,480, చార్టులు, జిగురు, గవ్వలు, పోస్టుకార్డులకు రూ.1,970, తడిసిపోయిన పుస్తకాల బదులు కొన్న కొత్త పుస్తకాలకు రూ.3,200. మొత్తం ఖర్చు రూ.13,800. మిగిలింది రూ.4,600. రసీదులు ఆఫీసు గదిలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

మిగతా పనులు

సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు కొత్తది వేశాం. సి బ్లాక్ వెనక రెండు వీధి దీపాలు వెలగడం లేదని ఫిర్యాదు చేశాం, ఒకటి వెలిగింది. మెయింటెనెన్స్ బకాయిల జాబితా నోటీసు బోర్డులో ఉంది. పేర్లు ఇక్కడ చదవను.

వచ్చే నెలలకు

జులై 1 నుంచి ఆన్‌లైన్ పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. ఈ నివేదిక రాసే నాటికి చిన్న తరగతుల బడులు తెరవలేదు. వచ్చే ఆదివారం నుంచి తలుపు కాగితాలు మళ్లీ అంటిస్తాం. ఎ బ్లాక్‌లో రోజుకు అరగంట ఇవ్వగల పెద్దవాళ్లు ఇద్దరు కావాలి. చదువుకున్నవారే అయి ఉండాలన్న నియమం లేదు. బడులు తెరిచినా ఇది ఆపొద్దని, కనీసం మూడో తరగతి పిల్లల తీసివేతలు కుదిరే దాకా కొనసాగించాలని టీచరమ్మగారు ప్రతిపాదించారు. సమావేశంలో చర్చిద్దాం.

చివరగా ఒక మనవి. సంక్రాంతికి వామనగుంటల పీట, గవ్వల సంచీ తీసుకెళ్లినవారు ఇంకా తిరిగి ఇవ్వలేదు. దయచేసి ఆఫీసు గదిలో అప్పగించండి. సంచీలో 16 గవ్వలు ఉండాలి.

ఇట్లు,
కార్యదర్శి