గోడ మీద సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మా అమ్మకు చాలాకాలంగా మోకాళ్ల నొప్పులు. ఆక్యుపంక్చర్ చేయించుకుంటానంటే నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. అమ్మ లోపల ఉన్నంతసేపూ నేను బయట కూర్చుని గోడకున్న సర్టిఫికెట్ చూస్తున్నాను. బంగారు రంగు సీలు, కింద రెండు సంతకాలు, పెద్ద అక్షరాలతో 'రిజిస్టర్డ్', పక్కనే ఒక నంబరు. అది చూడగానే నా టెన్షన్ సగం తగ్గింది. ఇంటికొచ్చి ఆరా తీస్తే ఆ నంబరు సూదులు గుచ్చిన ఆయనది కానే కాదని తేలింది. ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ, ఒక సంఘంగా నమోదైనప్పుడు దానికి వచ్చిన నంబరది. ఆ కాగితంలో అబద్ధమంటూ ఏమీ లేదు. అయినా నేను మోసపోయాను.

ఆక్యుపంక్చర్, చేతులతో ఎముకలు, కీళ్లు సర్దే చికిత్సలు లాంటి ఈ వైద్యాలు పనిచేస్తాయా లేదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. జనం వెళ్తున్నారు, రేపూ వెళ్తారు. సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. మెడను విసురుగా తిప్పితే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ చేసే చేతికి శిక్షణ ఉందో లేదో ముందే తెలియాలి కదా.

'ఫలానా సంఘంలో సభ్యులు' అన్న మాటకు విలువెంతో చూడండి. 2004లో బ్రిటన్‌లో ఒక డాక్టరు, చనిపోయిన తన పిల్లి పేరున డబ్బు కట్టి, అమెరికాలోని పోషకాహార సలహాదారుల సంఘం నుంచి సభ్యత్వ సర్టిఫికెట్ తెప్పించారు. అదే బ్రిటన్‌లో, చేతులతో ఒత్తి, కదిలించి కీళ్ల, నడుము నొప్పులకు చేసే ఆస్టియోపతీకి 1993లో, దాదాపు అలాంటిదే అయిన కైరోప్రాక్టిక్‌కు 1994లో చట్టాలు వచ్చాయి. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ పేర్లు పెట్టుకోవడం అక్కడ నేరం. ఆస్ట్రేలియాలో 2012 నుంచి ఆక్యుపంక్చర్ చేసేవాళ్లకూ జాతీయ రిజిస్టర్ ఉంది. ఎవరైనా పేరు కొట్టి చూసుకోవచ్చు. ప్రాక్టీసుపై షరతులుంటే అవీ కనిపిస్తాయి.

నేను కోరేది అలాంటి రిజిస్టరే. అందులో మనిషి పేరు, సొంత నంబరు, ఎక్కడ ఎన్నేళ్లు చదివారు, ఏ చికిత్సకు అనుమతి ఉంది అన్నవి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సస్పెండైన వాళ్ల పేర్లు మాయం కాకూడదు. పేరు కనిపించకపోతే ఇంకా ఎక్కలేదేమో అనుకుంటాం. తీసేశారని ఎలా తెలుస్తుంది? ఆ నంబరు బోర్డు మీదా, రాసిచ్చే చీటీ మీదా వేయడం తప్పనిసరి చేయండి. కష్టపడి చదువుకున్నవాళ్లకు దీనివల్ల నష్టమేమీ లేదు. నకిలీల మధ్య నలుగుతున్నది వాళ్లే.

అమ్మ మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తానంటోంది. నొప్పి కాస్త తగ్గిందట. ఆయన ఎక్కడ నేర్చుకున్నారో నేను ఇప్పటికీ అమ్మకు చెప్పలేకపోతున్నాను.

ఇట్లు,
ఒక కూతురు