అబ్జర్వేషన్ హోమ్ పిల్లల శనివారం గ్రూపులు: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, శ్రేయోభిలాషులకు నమస్కారం.

కేసుల్లో ఉండి, విచారణ ముగిసేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంటున్న మగపిల్లల కోసం మనం నడిపిస్తున్న గ్రూప్ థెరపీకి 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ పెడుతున్నాం. హోమ్ ఏ ఊళ్లో ఉందో రాయలేదు, ఫోటోలూ పెట్టలేదు. పిల్లల్ని గుర్తుపట్టేలా ఏ వివరమూ ప్రచురించకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ లేకపోయినా మేం పెట్టేవాళ్లం కాదు.

జమ

గత ఏడాది నిల్వ: రూ. 18,400
వ్యక్తిగత చందాలు: రూ. 2,36,500
విశ్రాంత ఉద్యోగుల సంఘం వారు ఇచ్చినది: రూ. 40,000
పెళ్లిరోజు, సంవత్సరీకం ఖర్చులు తగ్గించుకుని రెండు కుటుంబాలు ఇచ్చినది: రూ. 50,000
బ్యాంకు వడ్డీ: రూ. 2,860
మొత్తం: రూ. 3,47,760

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కొందరు డబ్బు పంపుతామన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల దగ్గర తీసుకున్నాం, అది పై చందాల్లోనే కలిసి ఉంది. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, మనకు లేదు. వాళ్లకు కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాం. మనకు ఆదాయపు పన్ను చట్టం 80జి గుర్తింపు కూడా లేదు కాబట్టి చందాలకు పన్ను మినహాయింపు రాదు. ఆ సంగతి తెలిసే మీరంతా ఇచ్చారు.

ఖర్చు

అన్నిటికంటే పెద్ద పద్దు ఫీజులు, రూ. 1,70,200. ఏడాదిలో 46 శనివారాలు గ్రూపులు జరిగాయి. వారానికి సైకాలజిస్ట్‌కు రూ. 2,500, ఆమెతో కూర్చునే సోషల్ వర్కర్‌కు రూ. 1,200 చొప్పున ఇచ్చాం. పండగలకు, వానలకు ఆగిపోయిన వారాలకు ఫీజు లేదు. ఇద్దరి రాకపోకలకు కారు కిరాయి రూ. 16,100.

మొత్తం ఖర్చులో సగానికి పైగా ఫీజులకే పోవడం చూసి, ఆ డబ్బుతో ఫ్యాన్లో దుప్పట్లో కొనివ్వొచ్చు కదా అని కొందరు దాతలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కాస్త వివరంగా చెబుతాం.

ఒక్కో గ్రూపులో ఎనిమిది నుంచి పది మంది పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు మాటలు నడిపిస్తుంటే, రెండోవారు ఎవరు ముడుచుకుపోతున్నారో, ఎవరికి కోపం పెరుగుతోందో గమనిస్తారు. అందుకే ఇద్దరు కావాలి. కేసు విచారణ జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు చూసే కోర్టులాంటిది) ముందు నడుస్తుంటుంది కనుక ఏం చేశావని ఎవరూ అడగరు. కోపం, స్నేహాలు, తాగుడు, గంజాయి, ఇంట్లో గొడవలు, వాయిదా ముందు రోజు టెన్షన్, వీటి గురించే మాట్లాడుకుంటారు. పెద్దవాళ్లు ఎంత చెప్పినా చెవికెక్కని మాట, అదే అవస్థ పడ్డ తోటివాడు చెబితే ఎక్కుతుంది. గ్రూప్ థెరపీ నిలబడేదే దాని మీద.

జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం విచారణ నాలుగు నెలల్లో, అవసరమైతే మరో రెండు నెలల్లో ముగియాలి. ఈలోగా ఎవరికి ఎప్పుడు బెయిల్ వస్తుందో తెలియదు. ఈ శనివారం ఉన్న పిల్లాడు వచ్చే శనివారం ఉండకపోవచ్చు, అతని చోట కొత్తవాడు భయంభయంగా కూర్చుని ఉండొచ్చు. అందుకే పన్నెండు వారాల కోర్సులాంటివి అక్కడ కుదరవు. ఏ వారానికావారం పూర్తయ్యేలా చూసుకోవాలి. మారకుండా ఉండేది ఆ ఇద్దరు మనుషులే. వస్తామని చెప్పి రాని పెద్దల్ని ఈ పిల్లలు చాలామందిని చూశారు. వీలైన రోజు వచ్చే వాలంటీర్లతో ఈ పని నడవదనే ఫీజు ఇచ్చి మరీ చేయిస్తున్నాం.

లోపల ఏం మాట్లాడుకున్నారో సైకాలజిస్ట్ మాకు చెప్పరు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉంటే మాత్రం హోమ్ సూపరింటెండెంట్‌కు చెబుతారు, ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే తెలుస్తుంది. మీకు ఇక్కడ పిల్లల కథలు కనిపించకపోవడానికి కారణం అదే.

సైకాలజిస్ట్ నెలకోసారి ఒక సీనియర్ సైకియాట్రిస్ట్‌తో కూర్చుని తన పనిని సమీక్షించుకుంటారు. దానికి రూ. 18,000. హోమ్‌లో పిల్లల్ని చూసుకునే హౌస్ ఫాదర్లకు, గార్డులకు రెండు రోజుల శిక్షణకు రూ. 22,000. గ్రూపులో ఏడ్చిన పిల్లాడిని ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి కసిరితే మొత్తం పని పాడవుతుంది. వచ్చే ఏడాది కూడా ఈ పద్దు ఉండాల్సిందే.

తల్లిదండ్రుల సమావేశాలకు రూ. 41,350 అయింది. ఎక్కువగా తల్లులే వస్తారు, వాళ్లలో చాలామంది రోజు కూలీలు. బస్ చార్జీతో పాటు ఆ రోజు కూలి కూడా ఇచ్చాం. కూలి ఎందుకని కమిటీలోనే చర్చ జరిగింది. అది ఇవ్వకపోతే రాలేరు, వాళ్లు రాకపోతే పిల్లాడు తిరిగి వెళ్లే ఇంట్లో ఏమీ మారదు అని తీర్మానించాం. వోచర్ల మీద పేర్ల బదులు నంబర్లు వేశాం. పేర్ల రిజిస్టర్ హోమ్‌లోనే ఉంటుంది. ఆడిటర్ గారు అక్కడికే వెళ్లి సరిచూశారు.

మిగతావి చిన్నవి. సమోసాలు, అరటిపండ్లు, టీ రూ. 27,600. డ్రాయింగ్ సామాను, నోట్‌బుక్కులు, క్యారమ్ బోర్డులు రూ. 14,780. ఆడిట్, ప్రింటింగ్, బ్యాంకు చార్జీలు రూ. 6,940. కమిటీ సభ్యులెవరూ పెట్రోలు ఖర్చు కూడా తీసుకోలేదు.

మొత్తం ఖర్చు: రూ. 3,16,970
నిల్వ: రూ. 30,790 (బ్యాంకులో 29,540, చేతిలో 1,250)

ఇది ప్రభుత్వం చేయాల్సింది కదా అన్నవారి మాట నిజమే. పిల్లల అవసరాన్ని బట్టి కౌన్సెలింగ్ అందించాలని చట్టం 53వ సెక్షన్‌లో ఉంది. గ్రూప్ కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని బోర్డు ఉత్తర్వు ఇచ్చే వీలు 18వ సెక్షన్‌లో ఉంది. హోమ్ కౌన్సెలర్ చేసే పనికి ఇది తోడు మాత్రమే. ఈ గ్రూపుల్ని బడ్జెట్‌లో చేర్చాలని వినతిపత్రం ఇచ్చాం, వదలకుండా అడుగుతూనే ఉంటాం.

బిల్లులు, వోచర్లు, పాస్‌బుక్ కోశాధికారి దగ్గర ఉన్నాయి. దాతలు ఏ ఆదివారమైనా వచ్చి చూడవచ్చు.

బెయిల్‌పై ఇంటికి వెళ్లిన పిల్లలకు కూడా గ్రూప్ పెట్టాలని సైకాలజిస్ట్ అడుగుతున్నారు. దానికి ముందుగా కావలసింది ఆదివారం ఉదయం రెండు గంటలు వాడుకోవడానికి ఒక గది. పదిహేను మంది పట్టాలి, బస్సు దిగి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి, గుమ్మానికి ఏ బోర్డూ ఉండకూడదు. ఎవరి దగ్గరైనా అలాంటిది ఉంటే కార్యదర్శికి చెప్పగలరు.