సముద్రం అడుగు సర్వే గురించి

నల్గొండ జువాలజీ మిత్రులారా, నాగార్జునసాగర్ చేపల గురించి మాట్లాడుకుంటూ సముద్రం అడుగున ఏముందో ఎట్లా లెక్కేస్తారని అడిగారు కదా. ట్రాల్ వలను, అంటే బోటు వెనక లాగే సంచిలాంటి వలను, అడుగుకు దించి ఒకే వేగంతో, ముందే అనుకున్నంత సేపు లాగుతారు. లాగిన దూరాన్ని వల నోటి వెడల్పుతో గుణిస్తే ఊడ్చిన వైశాల్యం వస్తుంది, పడ్డవాటిని జాతులవారీగా వేరుచేసి, తూచి, పొడవు కొలిచి చదరపు కిలోమీటరుకు ఎంతో అంచనా కడతారు. అమ్ముడుపోని నక్షత్రచేపలు, నత్తలు, చిన్న పీతలు కూడా రాయాల్సిందే. నాకైతే అసలు విషయం అక్కడే ఉంది, అడుగు బాగుందో పాడైందో చెప్పేవి అవే! రాళ్ల దగ్గర వల చిరుగుతుంది, బురదలో దాక్కున్న పురుగులు దొరకవు, వాటికి మట్టి తోడే గ్రాబ్ వాడతారు. ట్రాల్ బోట్లు చూడటానికి విశాఖ టూర్ అనుకునేవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వద్దు, అప్పుడు మరబోట్ల వేట నిషేధం.