సరిహద్దు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పండి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో చాలామంది తెలుగు పిల్లలకు తమ ఇంటి భాష చదవడం, రాయడం రావట్లేదు. మా వీధి పిల్లలు నాయనమ్మతో తెలుగు, స్నేహితులతో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లిష్ గడగడా మాట్లాడతారు. సంతోషమే, ఎక్కడికెళ్లినా బతకగలరు. కానీ పెళ్లి శుభలేఖ చేతికిస్తే అందులో సొంత మేనమామ పేరు కూడా తెలుగులో చదవలేక, ఒడియాలో అచ్చువేసిన వైపు తిప్పుతారు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లినవాళ్లేమో పిల్లలను వారాంతపు తెలుగు తరగతులకు పంపుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వైపు ఆ పాటి వసతి కరువవడం బాధాకరం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. ఒడిశా ప్రభుత్వం తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో తెలుగు టీచర్లను వేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాచకాలు పంపాలి. అంతవరకు ఆగకుండా మన తెలుగు సంఘాలు ఆదివారం పూట గుడి మండపంలోనైనా అక్షరాలు దిద్దించాలి, ఒడియా పిల్లలు వస్తామంటే వాళ్లనూ కూర్చోబెట్టాలి.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా