మా పిల్లలకు చోటెప్పుడు? అమెరికా రక్షణ మంత్రి గారికి ఒక తెలుగు తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను జర్మనీలోని రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రంలో పనిచేస్తున్న ఒక స్టాఫ్ సార్జెంట్ భార్యను. మా బేస్ పేరు రాయడం లేదు. రాస్తే మాట పడేది అక్కడి డేకేర్‌లో పొద్దస్తమానం పిల్లల్ని ఎత్తుకుని తిరిగే ఆడవాళ్లు. తప్పు వాళ్లది కాదు.

మా పాపకు బేస్ డేకేర్‌లో చోటు దొరకడం లేదన్న సంగతి ఇంగ్లిష్‌లో బేస్ అధికారులకు రాశాను. పై కమాండ్‌కు రాశాను. మా ఆయన ఓటున్న నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకూ రాశాను. అందరూ మర్యాదగానే జవాబిచ్చారు. విజ్ఞప్తి అందింది, సంబంధిత విభాగానికి పంపించాం అన్నారు. ఆ సంబంధిత విభాగం నుంచి మాత్రం ఇవాళ్టికీ ఏ కబురూ లేదు. అందుకే ఈసారి నా భాషలో, మావాళ్లందరూ చదివేలా రాస్తున్నాను. దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి మీ బల్ల మీద పెట్టగలిగిన తెలుగువాళ్లు మీ సైన్యంలోనే ఉన్నారు. 2009లో మ్యావ్నీ పథకం పెట్టి, మాతృభాషలు వచ్చిన విదేశీయులు సైన్యానికి కావాలని పిలిస్తే, స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న మా కుర్రాళ్లు యూనిఫాం వేసుకున్నారు. మా ఆయన అలా వచ్చినవాడే. 2016లో ఆ పథకం ఆగిపోయింది. అలా చేరినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఆ పిల్లల గురించే ఈ లేఖ.

సీడీసీ, అంటే బేస్‌లో మీ శాఖ నడిపే డేకేర్, ఏమిటో, అందులో చోటుకు ఎవరు ముందు, ఎవరు వెనక అని వరుసలు ఎలా కడతారో మీకు నేను వివరించక్కర్లేదు. ఆ వరుసలో నిలబడ్డ మనిషికి ఏం జరుగుతుందో అదొక్కటే చెప్తాను.

మీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే మా పాప పేరు పక్కన ఒక అంకె ఉంటుంది, దాని పక్కన చోటు దొరకవచ్చని ఒక అంచనా తేదీ ఉంటుంది. రాత్రి పాప పడుకున్నాక అది చూడటం నాకు అలవాటైపోయింది. అంకె మెల్లగా దిగుతూ వస్తుంది. ఇంకో ముగ్గురే ఉన్నారు, ఈ నెల దాటితే అయిపోతుంది అనుకుంటాం. ఒకరోజు చూస్తే మళ్లీ పైకి పోయి ఉంటుంది, తేదీ ఇంకో నాలుగు నెలలు దూరం జరిగి ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ యూనిఫాంలో ఉన్న జంట ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చారన్నమాట. లేదా ఒంటరి తండ్రో తల్లో వచ్చారన్నమాట. వాళ్లు ముందు వెళ్లడం న్యాయమే, నాకు వాళ్ల మీద కోపం లేదు. కానీ వాళ్ల వెనక మా వంతు ఎప్పటికీ రాదా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

నేను ఫార్మసీ చదివాను. ఉద్యోగం చేస్తున్న భార్య ఉన్న ఇంటిది పై వరుస, ఉద్యోగం వెతుక్కుంటున్న ఇంటిది దాని కింది వరుస. ఏ పనీ లేకపోతే ఖాళీ మిగిలితేనే చూస్తారు. ఉద్యోగం ఉంటే తప్ప పాపకు చోటు రాదు, పాపను ఎక్కడో ఒకచోట పెడితే తప్ప నేను ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేను. ఈ ముడి మీ నియమావళిలోనే ఉంది. ఎలాగో ఇక్కడి ఒక ఆసుపత్రిలో ఫార్మసీ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం చూపించాక మమ్మల్ని పై వరుసకు జరిపారు. ఇక అయిపోయిందనుకున్నాం. చేరాల్సిన తేదీ వచ్చింది, చోటు రాలేదు. గడువు పొడిగించమని అడిగితే ఒకసారి పొడిగించారు. రెండోసారి ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. మేం మళ్లీ కింది వరుసకు వచ్చేశాం.

అసలు బాధ ఏమిటంటే మంత్రి గారూ, అక్కడ గది ఉంది. నేను చూశాను. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకని కట్టిన గది. అద్దం తలుపులోంచి చూస్తే చిన్న చిన్న కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. గోడకు పిల్లల కోట్లు తగిలించుకునే కొక్కేలున్నాయి, ఒక్క కోటూ లేదు. లైట్లు ఆర్పేశారు. ఎందుకు మూసేశారంటే మనుషులు లేరన్నారు. ఆ వయసు పిల్లలు అయిదుగురికి ఒక మనిషి ఉండాలని మీ నిబంధన. మంచి నిబంధనే, దాన్ని సడలించమని ఏ తల్లీ అడగదు. కానీ ఒక్క మనిషి మానేస్తే అయిదు ఇళ్లు ఆగిపోతాయి, ఇద్దరు మానేస్తే ఆ గదికి తాళమే. మానేసేది ఎవరు? వాళ్లూ మాలాంటి సైనికుల భార్యలే. రెండేళ్లకో మూడేళ్లకో భర్తకు బదిలీ వస్తే సామాను సర్దుకుని వెళ్లిపోతారు. వాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకుంటే వేలిముద్రలు, పాత నివాసాల తనిఖీ, వైద్య పరీక్షలు అన్నీ పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది. అవి పూర్తయ్యేసరికి వాళ్లకే ఇంకెక్కడో ఉద్యోగం దొరుకుతుంది. 2025 మొదట్లో ఫెడరల్ నియామకాలు ఆపేసినప్పుడు ఎంత గాభరా పడ్డామో దేవుడికే తెలుసు. తర్వాత పిల్లల సంరక్షణ ఉద్యోగాలకు మినహాయింపు ఇచ్చారు, సంతోషం. ఆగిన పని మళ్లీ కదలడానికి పట్టిన కాలాన్ని మాకెవరు తిరిగిస్తారు? ఏడాది పిల్లకు ఆరు నెలలంటే పుట్టిన తర్వాత గడిచిన జీవితంలో సగం.

అమెరికాలో ఉండే మా తెలుగువాళ్లు ఈ కష్టం ఎలా గట్టెక్కుతారో మీకు తెలిసి ఉండకపోవచ్చు. పురిటికి అమ్మ వస్తుంది, ఆరు నెలలు ఉంటుంది. ఆమె వెళ్లేసరికి అత్తయ్య వస్తుంది, ఇంకో ఆరు నెలలు ఉంటుంది. డల్లాస్‌లో చూసినా న్యూజెర్సీలో చూసినా ఏ తెలుగింట్లోనైనా పసిపిల్ల మొదటి ఏడాది ఇలాగే గడుస్తుంది. మమ్మల్ని జర్మనీ పంపించారు కాబట్టి మాకు ఆ దారి మూసుకుపోయింది. షెంగెన్ వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండాలి. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ పాపకు అన్నప్రాసన చేసి, నడక రాకముందే వెళ్లిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ఆమె పాస్‌పోర్టు తిప్పి, వచ్చిన రోజు ముద్ర మీద వేలు పెట్టి రోజులు లెక్కపెట్టాడు. అవతల అమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది, ఏదో తప్పు చేసినట్టు.

సైనికుడి మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు వేరే హోదా ఉంది కదా అంటారేమో. ఉంది. వాళ్ల పోషణలో సగం పైన మేమే భరిస్తున్నట్టు కాగితాలతో రుజువు చేయాలి. మా నాన్న రిటైర్డ్ టీచరు, ఆయనకు పెన్షన్ వస్తుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి సంపాదించుకున్న పెన్షన్ ఉన్నందుకు మా అమ్మ నా బిడ్డను ఎత్తుకోవడానికి అర్హురాలు కాకుండా పోయింది. మావాళ్ల కుటుంబాల్లో అమ్మమ్మా నాయనమ్మా చుట్టపుచూపుగా వచ్చే మనుషులు కారు. పిల్లను పెంచేదే వాళ్లు. విదేశీ పోస్టింగ్ ఉన్నన్నాళ్లు, పసిపిల్లలున్న ఇళ్లకైనా, సైనికుడి తల్లికో అత్తగారికో ఏడాది ఉండే అనుమతి కోసం జర్మనీ ప్రభుత్వంతో మాట్లాడమని వేడుకుంటున్నాను. వాళ్లతో ఒప్పందాలు రాసుకునేది మీ ప్రభుత్వమే గానీ మేం కాదు గదా.

2022 చివరి నుంచి బిడ్డ పుట్టిన సైనికుడికి పన్నెండు వారాల సెలవు ఇస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు, ఆ సెలవు మా ఇంట్లో ఎంత ఆదుకుందో మాటల్లో చెప్పలేను. ఆయన సెలవు ఒక మూడు నెలలు, అమ్మ తొంభై రోజులు ఇంకో మూడు నెలలు. ఆ తర్వాత? ఆయన పొద్దున ఆరున్నరకు పీటీలో ఉండాలి. గ్రాఫెన్‌వోర్‌కో హోహెన్‌ఫెల్స్‌కో శిక్షణకు వెళ్తే వారాల తరబడి ఇంటికి రాడు. ఆ రోజుల్లో నాకు జ్వరం వస్తే పాపను చూసే మనిషి ఈ దేశంలో ఒక్కరు లేరు.

లేరని కాదు, ఒకావిడ ఉండేది. మా క్వార్టర్స్‌లో కింది ఇంట్లో ఉండే ఫిలిప్పీన్స్ అక్క. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. పాపను రోజూ కాసేపు తన దగ్గర ఉంచుకునేది, ఆ సమయంలో నేను పరీక్షకు చదువుకునేదాన్ని. ప్రభుత్వ క్వార్టర్స్‌లో వారానికి పది గంటలు దాటి పరాయి పిల్లల్ని చూడాలంటే లైసెన్సు ఉండాలి కదా, ఎవరో ఫిర్యాదు చేశారు, ఆవిడకు నోటీసు వచ్చింది. ఏడుస్తూ వచ్చి చూపించింది. పోనీ లైసెన్సే తీసుకుందామని దరఖాస్తు పెట్టింది. శిక్షణ, ఇంటి తనిఖీ, అగ్నిమాపక తనిఖీ, ఇంట్లో పెద్దవాళ్లందరి మీద విచారణ. ఒక్కొక్కటీ అవసరమే. ఒక్కొక్కదానికీ ఎదురుచూడాల్సిందే. చివరి సంతకం పడకముందే వాళ్లాయనకు టెక్సస్ బదిలీ వచ్చింది.

అమెరికాలోనే ఉండి ఉంటే, బేస్‌లో చోటు దొరకనప్పుడు బయట డేకేర్‌లో పెట్టుకోవడానికి మీ శాఖ ఫీజులో కొంత భరించేది. సముద్రం దాటి వస్తే ఆ సాయం ఉండదు. అవసరం ఎక్కువ ఎక్కడో అక్కడే సాయం లేకపోవడం ఏ లెక్క ప్రకారం సబబో మీరే చెప్పాలి. జర్మన్ కీటాలో, అంటే ఇక్కడి ఊళ్లలో ఉండే డేకేర్‌లో, పెట్టమని సలహా ఇచ్చారు. 2013 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ చోటు హక్కని ఇక్కడి చట్టం, ఈ రాష్ట్రంలో రెండేళ్లు దాటితే ఫీజు కూడా ఉండదు. మా ఊరి కీటాకు వెళ్లాను. అక్కడ చూసుకునే ఆవిడ ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, పాప చేతికి ఒక బొమ్మ కూడా ఇచ్చి, ఊళ్లో నివాసం నమోదు చేసుకున్న కాగితం అడిగింది. నాటో ఒప్పందం కింద వచ్చినవాళ్లకు ఆ నమోదే అక్కర్లేదు, కాబట్టి మా దగ్గర ఆ కాగితం లేదు. వాళ్ల ఊరి పిల్లలకే చాలడం లేదని, పేరు మాత్రం రాసుకుంటానని చెప్పింది. ఆవిణ్ణి తప్పు పట్టలేను. ఇక్కడ మేం ఊరివాళ్లం కాదు, అక్కడ మేం దేశంలో లేం.

ఇక మిగిలింది వారానికి ఒకసారి బేస్‌లో జరిగే ప్లేగ్రూప్. గంటన్నర ఉంటుంది. తల్లి పక్కనే ఉండాలి కాబట్టి నా ఉద్యోగానికి పనికొచ్చేది కాదు, అయినా చెప్తున్నాను, ఎందుకంటే పాప మిగతా పిల్లల్ని చూసేది అక్కడే. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. అక్కడికి వెళ్తే తలుపు దగ్గరే బూట్లు విప్పేసి, ఇంకో పిల్ల చేతిలో బంతి చూసి "ఇవ్వు, ఇవ్వు" అంటూ చెయ్యి చాస్తుంది. ఆ పిల్లకు భాష రాకపోయినా బంతి ఇచ్చేస్తుంది. నడిపే మనిషి సెలవు పెడితే ఆ వారం రద్దు. చాలా వారాలు రద్దవుతోంది. కనీసం దీన్నైనా ఆగకుండా నడపమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

మీరు, మీకు ముందున్నవారు, అందరూ కుటుంబం బాగుంటేనే సైనికుడు నిశ్చింతగా పనిచేస్తాడని అంటూనే ఉన్నారు. నమ్మి వచ్చాం. 2020లో సైనికుల పిల్లలకే ముందు వరుస అన్నారు, చేశారు. 2022లో డేకేర్ సిబ్బంది మొదటి బిడ్డకు ఫీజులో సగమైనా తగ్గించాలన్నారు, అదీ చేశారు. మీ శాఖ తలుచుకుంటే జరుగుతుందని మాకు తెలుసు, ఆ నమ్మకంతోనే రాస్తున్నాను. విదేశాల్లోని బేస్‌లకు సిబ్బంది నియామకాలు త్వరగా పూర్తి చేయించండి. ఒక బేస్‌లో తనిఖీలన్నీ పూర్తయి పనిచేసిన భార్య ఇంకో బేస్‌కు వెళ్తే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా అదే ఉద్యోగంలో చేర్చుకోండి. ఫీజు సాయం విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఇవ్వండి. ఉద్యోగం వచ్చిన తల్లికి, చోటు దొరికేదాకా ఆ ఉద్యోగం పోకుండా చూడండి. అమ్మల వీసా సంగతి మాట్లాడండి. వీటిలో ఏది ముందు, ఏది వెనక అని అడిగితే నేను చెప్పలేను, నాకు అన్నీ ఇవాళే కావాలి.

ఇవన్నీ ఒక్కసారి కాకపోతే, ఆ లైట్లు ఆర్పేసిన గది సంగతి ఒక్కటి తేల్చండి. విజ్ఞప్తి అందిందని మళ్లీ రాయకండి. ఫలానా నెలలో, ఫలానా తేదీన ఆ గది తెరుస్తాం అని రాయించండి. ఆరు నెలల తర్వాతి తేదీ అయినా సరే, దాన్నిబట్టి ఉద్యోగం వెతుక్కుంటాను, అమ్మకు టికెట్ ఎప్పుడు తీయాలో చూసుకుంటాను.

ఇట్లు,
మీ స్టాఫ్ సార్జెంట్లలో ఒకరి భార్య,
రైన్‌లాండ్-ఫాల్ట్స్, జర్మనీ